పెరుగు తోడుకునే మానిటర్

కంప్యూటర్ మానిటర్ కొనబోయేవాళ్ళు ఏం చూస్తారో నాకు తెలియక కాదు. తెర ఎంత పెద్దది, అక్షరాలు తేటగా కనబడుతున్నాయా, గ్యారంటీ ఎన్నాళ్ళు, ఇవే కదా. నేను మాత్రం ఢిల్లీ కంప్యూటర్ బజారు నెహ్రూ ప్లేస్‌లో షాపు షాపూ తిరిగి, ప్రతి మానిటర్ నెత్తి మీదా చెయ్యి ఆనించి జ్వరం చూశాను. జ్వరం లేనివన్నీ వద్దన్నాను. నవ్వేవాళ్ళు నవ్వండి. ఆ రోజు నా బాధ నాది.

అప్పట్లో మేం లక్ష్మీ నగర్‌లో ఒక ఇంటి మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. కింద అంతస్తుల నిండా సీఏ కోచింగ్‌కి వచ్చిన కుర్రాళ్ళు, పైన మేమిద్దరం, మా పైన నీళ్ళ ట్యాంకు. నేను ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సుని. మా ఆయన నోయిడాలో ఒక కంపెనీలో అకౌంటెంటు. ఇద్దరిదీ గుంటూరు వైపే. ఆయన ఆఫీసు నుంచి వచ్చాక మా వీధి షాపులవాళ్ళ లెక్కలు కూడా చేసిపెట్టేవారు. ఆ పని కోసం ఎవరో అమ్మేస్తుంటే ఒక పాత కంప్యూటర్ కొనుక్కొచ్చారు. దాని మానిటర్ వెనకాల ఇంత వీపున్న పాతకాలం డబ్బా. దాన్ని టేబుల్ మీద పెడితే ఇక కీబోర్డుకి చోటు లేదు, ఆయన ఒళ్ళో పెట్టుకుని కొట్టేవారు. "ఇది మానిటరా, మన ఇంట్లో మూడో మనిషా?" అని నేను రోజూ సణిగేదాన్ని.

ఢిల్లీ చలికాలం వచ్చాక నా సణుగుడు ఆగిపోయింది. మనవైపు పాలు తోడుపెట్టి పడుకుంటే తెల్లారేసరికి పెరుగు. అదంతా నా చేతి మహిమ అనుకునేదాన్ని. కాదు, మన ఎండల మహిమ. ఢిల్లీ జనవరిలో తోడు వేసిన పాలు మర్నాటికి కూడా పాలలాగే నా మొహం చూస్తూ ఉండేవి. గిన్నెని గోధుమపిండి డబ్బాలో దాచాను. దూది రజాయిలో చుట్టాను. మా ఆయన మంకీ క్యాప్ తొడిగాను. అయితే తీగలు సాగడం, లేకపోతే నీళ్ళు తేలడం. హీటర్ పెట్టుకుందామంటే ఇంటి ఓనర్ ఆంటీ ఒప్పుకోదు, మా అంతస్తు వైరింగ్ పాతది, కాలిపోతుందని ఆవిడ భయం.

ఒకరోజు గిన్నె ఎక్కడ పెట్టాలో తోచక, ఆయన లెక్కలు చేసుకుంటుంటే మానిటర్ నెత్తిన పెట్టి నా మానాన నేను పడుకున్నాను. పొద్దున మూత తీస్తే గడ్డపెరుగు! పైన మీగడ, గిన్నె వంచినా కదలదు. నేను పెట్టిన కేకకి కింద సీఏ కుర్రాడు "క్యా హువా దీదీ?" అంటూ పైకి పరిగెత్తుకొచ్చాడు. "దహీ!" అన్నాను. వాడు వెర్రిమొహం వేసుకుని దిగిపోయాడు.

అప్పటినుంచి కంప్యూటర్ మా ఆయనది, మానిటర్ నాది. పెరుగు తోడుకునేదాకా ఆపనిచ్చేదాన్ని కాదు. తెర మీద స్క్రీన్ సేవర్ తాలూకు రంగురంగుల చేపలు ఈదుతుండేవి, పైన పెరుగు తోడుకుంటుండేది. ఆయన ఆ చేపల వెలుగుకి నిద్రపట్టక దుప్పటి ముసుగేసుకుని పడుకునేవారు. "ఇది కొన్నది నేనా, నువ్వా?" అనేవారు. పొద్దున పెరుగన్నం మాత్రం మారు వడ్డించుకునేవారు.

రెండో చలికాలానికి నాకు మళ్ళీ నెల తప్పింది. మళ్ళీ అని ఎందుకంటున్నానంటే, అంతకు ముందు వేసవిలో ఒకటి పోయింది. మూడో నెలలో పోయింది. నర్సుని కదా, ఎంతోమందికి "ఏం కాదమ్మా, మళ్ళీ వస్తుంది" అని చెప్పి ఉంటాను. ఆ మాట ఎంత పనికిమాలినదో అప్పుడు తెలిసింది. అందుకని ఈసారి మా అమ్మ ఫోన్లో గట్టిగా చెప్పింది. "మూడో నెల వెళ్ళిందాకా నోరు విప్పబోకు. ప్రార్థన పెట్టించుకుంటానని చర్చిలో అందరికీ చెప్పుకోబోకు. దేవుడికి నువ్వు చెప్తే చాలు, ఆయనకి వినబడుద్ది." ఇలాంటి పట్టింపులు విశ్వాసులకి ఉండకూడదని మా పాస్టర్ అయ్యగారు ప్రతి ఆదివారం చెబుతూనే ఉంటారు. ఉండకూడదని నాకూ తెలుసు. అయినా నోరు కుట్టేసుకున్నాను.

నోరు మూసుకున్నంత మాత్రాన కడుపు ఊరుకుంటుందా? రొట్టె చూస్తే వాంతి, తాళింపు వాసనకి వాంతి, ఆఖరికి మంచినీళ్ళకి కూడా వాంతి. కడుపులో ఉండేది ఒక్కటే, కాస్త పులిసిన మా ఇంటి పెరుగు కలుపుకున్న అన్నం. పాల బూత్‌లో పెరుగు తెచ్చి పెట్టి చూశారు మా ఆయన. ఆ పెరుగుకి ఒక తీపి వాసన ఉంటుంది, అది ముక్కుకి తగిలీ తగలకుండానే నేను బేసిన్ దగ్గరికి పరుగు. ఒంటి మీది చీర నిలవనంతగా చిక్కిపోతున్నాను. మా డాక్టరమ్మ కోప్పడింది. ఏది ఇముడుతుందో అదే తిను, ఇంకా బరువు తగ్గితే అడ్మిట్ చేసేస్తానంది. కిందటిసారి కూడా సరిగ్గా ఇలాగే మొదలైంది. అందుకే పొద్దున లేవగానే నేను చూసేది మా ఆయన మొహం కాదు, మానిటర్ నెత్తి మీది గిన్నె.

అలాంటి మానిటర్‌ని నా చేతులతో నేనే చంపుకున్నాను. ఒక సాయంత్రం గోరువెచ్చటి పాలలో తోడు కలిపి గిన్నె పైన పెట్టబోతుంటే కళ్ళు తిరిగాయి. గిన్నె ఒరిగి పాలన్నీ మానిటర్ నెత్తి మీది కన్నాల్లోంచి లోపలికి పోయాయి. చుయ్‌మంది. చేపలన్నీ ఒక చుక్కలోకి ముడుచుకుని మాయమయ్యాయి. ఇల్లంతా మాడిన పాల కంపు. నేను అక్కడే గోడకి చేరగిలబడి గొల్లుమన్నాను.

రిపేరు చేసే అతను వచ్చి వెనక మూత విప్పి, లోపలికి ముక్కు పెట్టి వాసన చూశాడు.

"ఇస్‌మే క్యా గయా?" అన్నాడు, లోపలికి ఏం పోయిందని.

"బారిష్," అన్నారు మా ఆయన.

జనవరిలో, గది మధ్యలో ఉన్న మానిటర్‌లోకి వాన! మా ఆయనకి అబద్ధం ఆడటం ఎప్పుడూ చేతకాదు. అతను స్క్రూడ్రైవర్ చివర్న ఒక మీగడ ముక్క ఎత్తి చూపించాడు. "మలాయీ వాలీ బారిష్," అని సామాన్లు సర్దుకుని, ఇక ఇది బాగుపడదని చెప్పి వెళ్ళిపోయాడు.

అతను మెట్లు దిగాడో లేదో, మా ఆయన పర్సులోంచి మడతలు మడతలుగా నలిగిన ఒక పేపర్ ప్రకటన తీశారు. ఎల్‌సీడీ మానిటర్. ఎన్నాళ్ళ నుంచి దాచుకున్నారో మహానుభావుడు! అప్పుడప్పుడే వాటి ధరలు మాలాంటివాళ్ళు తలెత్తి చూడగలిగేంత కిందకి దిగుతున్నాయి.

"పుస్తకమంత సన్నగా ఉంటది. కళ్ళు మండవు. టేబుల్ మీద కీబోర్డుకి చోటుంటది. అసలు వేడే ఎక్కదంటే చూసుకో!" అన్నారు మురిసిపోతూ.

"వేడెక్కనిది నాకెందుకు?"

"ఏందే నువ్వనేది? మానిటర్ చూడ్డానికి కొంటారా, పెరుగు తోడెయ్యడానికి కొంటారా?"

"అయితే మీరు చూడ్డానికే కొనుక్కోండి. నేను తినకుండా ఉంటా."

ఆయన ప్రకటనని ఉన్న మడతల్లోనే మడిచి మళ్ళీ పర్సులో పెట్టుకున్నారు. డబ్బా రకమే, అదీ బాగా వేడెక్కేదే కొనాలని ఖాయమైంది. ఆ రకం చవక కూడా. ఎల్‌సీడీ కళ్ళబడ్డాక వాటిని అడిగేవాళ్ళు లేరు.

ఇంతవరకూ బాగానే ఉంది. నాకు చెప్పకుండా ఆయన చేసిన ఘనకార్యం ఏమిటంటే, కొనడానికి సాయం రమ్మని మా చర్చి బ్రదర్‌ని పిలవడం. మా తెలుగు సంఘంలో ఎవరు కంప్యూటర్ కొన్నా ఈ బ్రదర్ పక్కన ఉండాల్సిందే. కరీంనగర్ వైపు మనిషి, గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చాలా మంచివాడు, చిక్కంతా అదే. మనకి నచ్చింది కొననివ్వడు, మనకి మంచిది కొనిపిస్తాడు. పోనీ పెరుగు కోసమని చెబుదామా అంటే, పెరుగు కోసం ఇంత హైరానా ఏమిటంటాడు. అది చెప్పబోతే మూడో నెల సంగతి బయటపడుతుంది. మానిటర్ ఎందుకు వేడెక్కాలో బ్రదర్‌కి చెప్పే దారే లేదు.

"వందనాలు సిస్టర్," అన్నాడు శనివారం పొద్దున నెహ్రూ ప్లేస్ మెట్ల దగ్గర, చేతులు రుద్దుకుంటూ. "ఎల్‌సీడీలు మంచిమంచియి అచ్చినయ్. సూద్దామా?"

"డబ్బా రకం చూద్దాం బ్రదర్."

"డబ్బానా? గీ జమానాల ఎవలన్న డబ్బా కొంటరా సిస్టర్? ఊకెనే ఇస్తమన్నా తీస్కుంటలేరు."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పొగమంచులో ఏదో వెతుకుతున్నట్టు పైకి చూశారు.

బ్రదర్ మా మాట వింటేనా? తిన్నగా ఎల్‌సీడీల షాపులోకి తీసుకెళ్ళాడు. షాపతను ఒక మానిటర్ వెలిగించి దాని గొప్పలు హిందీలో ఏకరువు పెడుతున్నాడు. మా ఆయన దాని ముందు నిలబడి, పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినట్టు చూస్తున్నారు. నేను వెళ్ళి దాని నెత్తి మీద చెయ్యి పెట్టాను. గిన్నె మాట దేవుడెరుగు, దాని మీద స్పూను కూడా నిలబడదు. పైగా ఒళ్ళు చల్లబడిపోయిన పేషెంటులా ఉంది.

"చల్లగా ఉంది," అన్నాను.

"గదే కద సిస్టర్ దాని గొప్ప!"

"హా మేడమ్, దిన్ భర్ చలావో, గరమ్ నహీ హోగా!" అన్నాడు షాపతను ఛాతీ విరుచుకుని.

"తో నహీ చాహియే," అని బయటికి వచ్చేశాను. వెనకాల బ్రదర్ "అన్నా, సిస్టర్‌కేమైంది?" అని అడగడం, మా ఆయన "చలి పడదు" అని చెప్పడం వినబడింది. ఎవరికి చలి పడదో, దానికీ మానిటర్‌కీ ఏం సంబంధమో బ్రదర్‌కి అంతుపట్టి ఉండదు.

తర్వాతి షాపుల్లో డబ్బా రకాలు దొరికాయి కానీ ఒక్కదానికీ ఒంట్లో వేడి లేదు. చెయ్యి పెట్టి చూస్తే షాపువాళ్ళు నేనేదో లోపం పట్టుకుంటున్నాననుకుని బెదిరిపోయేవారు. కొత్త మోడల్ మేడమ్, తక్కువ వేడెక్కుతుంది మేడమ్ అని ప్రమాణాలు చేసేవారు. వాళ్ళు ప్రమాణం చేసినకొద్దీ నేను చెయ్యి వెనక్కి తీసుకుని పక్క షాపుకి నడిచేదాన్ని. ఇదేం ఖర్మరా నాయనా, లోకమంతా ఒక్కసారిగా చల్లబడాలా నేను మోస్తున్నప్పుడే? తిరిగి తిరిగి నా తల ప్రాణం తోకకొచ్చింది. పొద్దుటి నుంచి కడుపులో ఏమీ లేదు. ఇంట్లో పెరుగు లేదు కదా మరి.

ఆఖరికి ఒక మూల షాపుకి చేరాం. అందులో నడివయసు పంజాబీ ఆయన, చుట్టూ డబ్బా మానిటర్లు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒకదాన్ని వెలిగించమన్నాను. వెలిగించాడు. స్టూల్ లాక్కుని దాని పక్కన కూర్చున్నాను.

"క్యా దేఖ్ రహీ హైఁ మేడమ్?" అన్నాడాయన.

"గరమ్ హోనే దీజియే."

ఆయన బ్రదర్ వైపు చూశాడు. బ్రదర్ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన కీబోర్డుల ధరలు అడగడం మొదలుపెట్టారు.

"సిస్టర్," అన్నాడు బ్రదర్ గొంతు తగ్గించి, "నేను గిన్నేండ్ల సంది కంప్యూటర్లు కొనిపిస్తున్న. వేడెక్కుతదా అని భయపడేటోళ్ళను సూశిన గని, వేడెక్కాలె అని కూసునేటోళ్ళను ఎన్నడు సూడలే."

నేను జవాబు చెప్పేలోపే ఆ షాపాయన మర్యాద చేద్దామనుకున్నాడు పాపం. బ్రెడ్ పకోడా తెప్పించి, వేడివేడి పొట్లం నా ముక్కు కింద విప్పాడు. నూనె వాసన గుప్పున కొట్టింది. అంతే. పక్కనున్న ఖాళీ అట్టపెట్టె లాక్కుని అందులో తల పెట్టేశాను. లోపల ఏమీ లేకపోయినా పేగులన్నీ నోట్లోకి వచ్చాయి. మా ఆయన కీబోర్డు వదిలేసి పరిగెత్తుకొచ్చి నా నుదురు పట్టుకున్నారు.

"అరే బేటీ, బేటీ!" అంటూ షాపాయన నీళ్ళు తెచ్చాడు. మా ఆయన మొహం ఒకసారి చూసి, ఎన్నో నెలో మెల్లిగా అడిగాడు. "కౌన్‌సా మహీనా హై?"

"తీస్రా," అన్నారు మా ఆయన.

వాన అని చెప్పిన మనిషి ఇప్పుడు ఒక్క అబద్ధం ఆడలేకపోయారు! నాకు ఒళ్ళు మండిపోయింది. మా అమ్మ మాట, ఇన్నాళ్ళ నా జాగ్రత్త, అంతా నెహ్రూ ప్లేస్ పాలు చేశారు. కిందటిసారి తెలిసిన వాళ్ళందరికీ చెప్పుకున్నాం, తర్వాత అందరికీ మళ్ళీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రెండోసారి చెప్పడం నావల్ల కాదు. అట్టపెట్టె పట్టుకుని అక్కడే ఏడ్చేశాను. ఏడుస్తూనే పెరుగు సంగతీ, మానిటర్ సంగతీ అన్నీ కక్కేశాను.

బ్రదర్ నోరెళ్ళబెట్టి అంతా విన్నాడు. కాసేపు తన బూట్లు చూసుకున్నాడు.

"గీ ముచ్చట ముందుగాల్నే చెప్పాలె గద సిస్టర్!" అన్నాడు. "నేనెవ్వలకు చెప్ప. నా భార్యకు సుత చెప్ప. ఆమెకు చెప్తే సంఘమంత చెప్పినట్టే."

తర్వాత షాపాయన వైపు తిరిగి, ఆఫీసు మీటింగులో మాట్లాడే గొంతుతో అన్నాడు. "భాయ్‌సాబ్, ఆప్ కే పాస్ జో సబ్‌సే జ్యాదా గరమ్ హోతా హై, వో నికాలియే."

షాపాయన తలుపు వైపు ఒకసారి చూసుకుని, లోపలికి వెళ్ళి, దుమ్ము పట్టిన ఒక పెద్ద మానిటర్‌ని పొట్టకి ఆనించుకుని మోసుకొచ్చాడు. వేడెక్కిపోతోందని కొన్నవాళ్ళు తిరిగిచ్చేశారట. సిగ్గుపడి వెనక దాచాడట. వెలిగించాడు. మేం నలుగురం దాని చుట్టూ నిలబడ్డాం. కాసేపయ్యాక నేను చెయ్యి పెట్టాను. బ్రదర్ పెట్టాడు. షాపాయన పెట్టాడు. అందరి మొహాలూ వెలిగిపోయాయి.

"మస్తుగ కాలుతుంది సిస్టర్!" అన్నాడు బ్రదర్, తానే కనిపెట్టినట్టు.

దాన్ని ఆటోలో పెట్టుకుని ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. నన్ను సంచీ కూడా పట్టుకోనివ్వలేదు. మగవాళ్ళిద్దరూ ఆ బండరాయిని మూడంతస్తులు ఎక్కించి, అంత చలిలో చెమటలు కక్కుకున్నారు. బ్రదర్ వైర్లన్నీ తగిలించి, టీ కూడా తాగకుండా, నా తలకి దూరం నుంచే చెయ్యి చాపి చిన్న ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు. నేను పాలు కాచి, ఎదురింటి మద్రాసు ఆంటీ దగ్గర తోడు అడిగి తెచ్చి కలిపి, గిన్నెని రెండు చేతులతో మానిటర్ నెత్తిన పెట్టాను. మా ఆయన స్విచ్ వేశారు. చేపలు వచ్చాయి.

వచ్చిన చేపలు వచ్చినట్టే పోయాయి. కరెంటు పోయింది. మా ఇంట్లోనే కాదు, వీధి వీధంతా. ఎక్కడో ట్రాన్స్‌ఫార్మర్ పేలిందని కింద కుర్రాళ్ళు అరుచుకుంటున్నారు. ఎప్పుడొస్తుందో తెలియదట. నేను ఢిల్లీని తిట్టాను, కరెంటువాళ్ళని తిట్టాను, ఏ పాపం ఎరగని ఆ మానిటర్‌ని తిట్టాను. తిట్టే ఓపిక కూడా అయిపోయాక రజాయి కప్పుకుని పడుకుంటే నిద్ర ముంచుకొచ్చింది.

మెలకువ వచ్చేసరికి గదిలో కొవ్వొత్తి వెలుగుతోంది. మానిటర్ మీద గిన్నె లేదు. మా ఆయన మంచానికి ఆ చివర గోడకి ఆనుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. స్వెటర్ కింద ఇంత పొట్ట! రెండు చేతులూ దాని చుట్టూ వేసుకుని, ఊపిరి కూడా మెల్లిగా పీలుస్తున్నారు. నాకంటే ముందు ఆయనకే నెలలు నిండినట్టున్నాయి. ఈ ముక్క చెప్పినప్పుడల్లా మా అమ్మాయి వాళ్ళ నాన్నని చూపించి "పాపా ప్రెగ్నెంట్ థే?" అని హిందీలోనే పడీపడీ నవ్వుతుంది.

నేనూ నవ్వాను. "ఏంటండీ ఈ అవతారం?"

"ష్, కదిలించబోకు. తోడుకుంటంది."

"ఎంతసేపట్నుంచి ఇలా కూర్చున్నారు?"

"కరెంటు పోయినకాడ నుంచి." గిన్నె వైపే చూస్తూ అన్నారు. "కిందటిసారి ఆసుపత్రిలో నువ్వు లోపల ఉంటే నేను బయట కుర్చీలో కూర్చున్నానే. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఊరికే కూర్చున్నా. నాకు మాత్రం భయం ఉండదా?"

ఎల్‌సీడీ ఆశ తప్ప ఆయన బుర్రలో ఇంకేమీ లేదనుకున్నాను ఇన్నాళ్ళూ. నా భయం నాదేననీ, అది నేనొక్కదాన్నే మోస్తున్నాననీ అనుకున్నాను. జరిగి జరిగి వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, రజాయి ఇద్దరి మీదా కప్పాను. స్వెటర్ మీంచి గిన్నె మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది.

అంతలో వీధిలో కుర్రాళ్ళు హో అని కేకలు పెట్టారు. కరెంటు వచ్చింది. ఆయన స్వెటర్ కిందికి చెయ్యి చాపి, ఇలా ఇవ్వండి, కంప్యూటర్ వేసి మానిటర్ మీద పెడతానన్నాను.

ఆయన ఇవ్వలేదు.